పాత సర్కారు బిల్డింగ్ రిపేరుకు ముందు ఏం చూడాలి, ఎలా రాసుకోవాలి

హైస్కూలు గదులు, పంచాయతీ ఆఫీసు, గ్రంథాలయం, పశువుల దవాఖాన. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో 30, 40 ఏళ్ల కింద, అంతకుముందు కట్టినవి కూడా ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. రిపేరుకు నిధులు వచ్చాయనగానే చాలామందికి గుర్తొచ్చేవి రంగులు, టైల్స్, గేటు. రెండు వానాకాలాలు పోయేసరికి ఆ కొత్త రంగు మీదే చెమ్మ మచ్చలు తేలుతాయి, పెచ్చులు ఊడతాయి. బిల్డింగుకు అసలు ఏమైందో చూడకుండా పైపైన పూత పూస్తే అంతే మరి.

ఇది ఇంజినీరు పని కదా అంటారు. ఎస్టిమేట్ వేయాల్సింది, గది భద్రమా కాదా అని సంతకం పెట్టాల్సింది ఇంజినీరే. కానీ ఒక్కో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) మండలంలో ఎన్నో పనులు ఉంటాయి. మీ బిల్డింగ్ దగ్గర గంట ఉంటే గొప్ప. ఆ గంటలో ఏ గది, ఏ మూల, ఎప్పటినుంచి అన్నది మీరు చూపించగలిగితే ఎస్టిమేట్ సరైన చోట పడుతుంది. సర్పంచ్ అయినా, హెడ్మాస్టర్ అయినా, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నవారైనా, ఊరి మీద అభిమానంతో ముందుకొచ్చిన పూర్వ విద్యార్థి అయినా ఈ పని చేయొచ్చు. కావాల్సినవి: నోట్‌బుక్, టేపు, చిన్న సుత్తె, టార్చి, స్క్రూడ్రైవర్, దారానికి కట్టిన తూకం గుండు, ఫోన్ కెమెరా, గట్టి నిచ్చెన. పక్కన ఒక అనుభవమున్న సుతారి మేస్త్రీ ఉంటే ఇంకా మంచిది.

మొదట బిల్డింగ్ ఏ రకమో తేల్చండి

కట్టిన తీరును బట్టి జబ్బు ఉంటుంది. మన దగ్గర ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. నిజాం కాలపు తాలూకా కచేరీల్లాంటివి: అడుగున్నర, రెండడుగుల మందం రాతి గోడలు, డంగు సున్నం, పైన దూలాలో ఇనుప గడ్డర్లో వేసి బండలు పరిచిన కప్పు. రెండోది, ఇటుక లేదా రాతి గోడల మీద నేరుగా స్లాబు పోసినవి. స్కూలు గదుల్లో ఎక్కువ ఇవే. మూడోది, పిల్లర్లు, బీములు వేసి కట్టినవి. గోడ పగిలితే మూడో రకంలో పెద్ద భయం లేకపోవచ్చు. మొదటి రెండింటిలో బరువు మోసేదే గోడ.

ఎప్పుడు కట్టారో శిలాఫలకం చూస్తే తెలుస్తుంది, కానీ అది ప్రారంభోత్సవం తేదీ. పంచాయతీ ఆస్తుల రిజిస్టరు, పాత ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు దొరికితే చూడండి. కట్టిన మేస్త్రీ ఊళ్లోనే ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి అడగండి: పునాది ఎంత లోతు తీశారు, కింద నల్లరేగడా, చల్కా, మొరమా, నీళ్లు ఏ బావివి, ఏ బోరువి.

సంవత్సరం తెలియడం వల్ల ఇంకో లాభం ఉంది. ఆర్‌సీసీకి, అంటే సలాకలు వేసి పోసే కాంక్రీటుకు, కనీసం ఎం20 గట్టిదనం ఉండాలన్నది 2000లో ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే ప్రమాణం) మారాక వచ్చిన నిబంధన. అంతకుముందు దానికంటే తక్కువ గట్టిదైన ఎం15 సరిపోయేది, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు. 1985లో కట్టిన స్లాబును ఇప్పటి లెక్కతో కొలిచి "నాసిరకం, కూల్చేద్దాం" అనడం న్యాయం కాదు.

ఎక్కడ ఉరుస్తుందో తెలిసినవాళ్లను అడగండి

అటెండరును, ఊడ్చే ఆమెను, మధ్యాహ్న భోజనం వండే అక్కను అడగండి. "అక్కా, వాన పడితే బకెట్ ఎక్కడ పెడతావు? ఏ గదిలో బెంచీలు జరుపుతారు?" అంటే చాలు, సగం సర్వే అయిపోయినట్టే. ఏ స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటుందో, ఏ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందో కూడా వాళ్లే చెబుతారు. తలుపు బిగుసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, కింద నేల ఉబ్బి దర్వాజ వంకరపోయిందేమోనని ఆ మాటతోనే అనుమానం రావాలి.

కనీసం రెండుసార్లు చూడాలి. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి గట్టి వాన పడిన మర్నాడే. మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో వాన తక్కువే, కానీ పడితే ఒక్కసారిగా దంచుతుంది. ఆ నీళ్లు పైనుంచి ఎటు పోతున్నాయన్నది వాన వెలిశాక గంటలోపు కనిపించినంత బాగా ఇంకెప్పుడూ కనిపించదు.

చూడ్డానికి ముందు కాగితం మీద బిల్డింగ్ గీసుకుని ప్రతి గదికి నంబరు, ప్రతి గోడకు దిక్కు రాయండి. "రెండో రూములో పగులు" అని రాస్తే తర్వాత మీకే అర్థం కాదు. "గది 2, పడమటి గోడ, కిటికీ కుడి పై మూల, మూడడుగుల పొడవు" అని రాయాలి. ఫొటో తీసేటప్పుడు పక్కన టేపు పెట్టండి.

వెంటనే తాళం వేయాల్సిన గదులు

మిగతా పరిశీలన తర్వాత. ముందు ఒక చుట్టు తిరిగి కింది వాటిలో ఏది కనిపించినా ఆ గది ఖాళీ చేయించి, తాళం వేసి, అదే రోజు రాతపూర్వకంగా పైవాళ్లకు తెలపండి: స్లాబు మధ్యలో కంటికి కనిపించేంత కుంగడం, పిల్లర్ నిలువునా పగిలి ఉబ్బడం, బీము గోడను తాకే చోటికి దగ్గర్లో ఏటవాలు పగులు, రాతి గోడ కడుపు పొంగినట్టు బయటికి రావడం, పిట్టగోడ లేదా సజ్జ ఒరగడం, తల మీద పెచ్చులు వేలాడటం, చెమ్మ గోడ మీద కరెంటు తీగలు బయటపడటం. సజ్జల సంగతి మరీ పట్టించుకోవాలి. పిల్లలు వానకు, ఎండకు సరిగ్గా వాటి కిందే నిలబడతారు. తాళం వేస్తే క్లాసులు ఎక్కడ పెట్టాలని టెన్షన్ సహజమే. చెట్టు కింద పెట్టినా సరే, ఆ గదిలో మాత్రం వద్దు.

పైకెక్కండి

రిపేరు లిస్టులో అందరూ కింద నిలబడి రాసేదే ఎక్కువ. జబ్బు మాత్రం ఎక్కువగా పైన ఉంటుంది. స్లాబు గట్టిగా ఉందని నమ్మకం కుదిరాకే, గోడల మీదుగా నడుస్తూ చూడండి.

మొదట నీళ్లు పోయే తూములు. రావి ఆకులు, పాత బూట్లు, పగిలిన బెంచీ చెక్కలు అడ్డం పడి మూసుకుపోయి ఉంటాయి. చాలా బిల్డింగుల్లో సగం కారడం ఇక్కడే తీరిపోతుంది, రూపాయి ఖర్చు లేకుండా. తూములు ఎన్ని, ఎంత వెడల్పో కూడా రాయండి. గంటకు 100 మిల్లీమీటర్ల జోరున వాన పడితే 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీటినే మోయగలదు. ఒక పెద్ద తరగతి గదికి ఒక పైపన్నమాట. నాలుగు గదుల వరుసకు రెండు రెండంగుళాల గొట్టాలు పెట్టి ఉంటే నీళ్లు నిలవక ఏం చేస్తాయి?

తర్వాత నీళ్లు నిలిచే పల్లాలు. వాన లేకున్నా నల్లని పాకుడు మచ్చ, ఎండిన బురద చారిక ఆనవాలు చెబుతాయి. సుద్దతో చుట్టూ గీసి కొలవండి. పిట్టగోడ స్లాబును కలిసే మూల వెంట పగులు ఉందా చూడండి. ఎక్కువ కారడం అక్కడినుంచే. ఆ మూలల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను పైకి కోసేస్తే మళ్లీ వస్తాయి, పీకితే గోడ ఊడి వస్తుంది. వేరుతో సహా తీసి ఆ చోట గోడ మళ్లీ కట్టాలి. అందుకే వాటిని కూడా లిస్టులో ఎక్కించండి.

కారినప్పుడల్లా ఒక పొర సిమెంటు వేయించిన బిల్డింగులు ఉంటాయి. అంచు దగ్గర చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. ఒక అంగుళం సిమెంటు పూత చదరపు మీటరుకు దాదాపు 50 కిలోలు. 20 అడుగులకు 24 అడుగుల గది మీద ఒక్క పొర వేస్తే రెండు టన్నులకు పైగా బరువు. ఇలాంటివి రెండు మూడు పడ్డ స్లాబు మీద ఇంకో పొర వేయమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. పాతవి తీసి, వాలు సరిచేసి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చేయమని రాయించండి. తూము మూసి నీళ్లు నిలిపి పరీక్షించడం కొత్త స్లాబుకు మంచిదే. కింద సలాకలు తేలిన పాత స్లాబుకు ఆ పని చేయొద్దు.

ట్యాంకు ఎక్కడుందో కూడా చూడండి. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. గోడ మీదో పిల్లర్ మీదో ఉండాల్సింది స్లాబు నడుమ కూర్చుంటే అది కూడా రిపేరు కిందే లెక్క. వాల్వు చెడి రాత్రంతా పొంగిపోయే ట్యాంకయితే, ఆ స్లాబు మీద ఏడాదంతా వాన పడుతున్నట్టే.

స్లాబు కింది వైపు

పెచ్చు ఊడి తుప్పు పట్టిన సలాకలు కనిపిస్తే "అంతా పోయింది" అంటారు. పోయిందా లేదా అన్నది ఎంత మేర పోయిందన్న దానిమీద ఉంటుంది. జరిగేది ఇది: మంచి కాంక్రీటులో ఉండే క్షారం ఇనుమును తుప్పు పట్టనివ్వదు. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. దానికి పైనుంచి నీళ్లు తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును నెట్టేస్తుంది. సలాక వెంట సన్నటి గీతలాంటి పగులు, తర్వాత ఉబ్బు, ఆఖరికి పెచ్చు. సలాకల కింద కాంక్రీటు అర అంగుళం కూడా లేకుండా పోసిన చోట ఇది ముందే వస్తుంది.

నిచ్చెన ఎక్కి, తలకు హెల్మెట్ పెట్టుకుని, అడుగుకొకసారి సుత్తెతో మెల్లగా తట్టండి. గట్టి చోట టంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నంత మేరా సుద్దతో గీసి, గది వైశాల్యంలో అది ఎంతో లెక్కేయండి. ఊడిన దానికంటే డొల్లది రెండు మూడింతలు ఉండొచ్చు, ఎస్టిమేట్ కావాల్సింది ఆ మొత్తానికి. తేలిన సలాకను తీగల బ్రష్‌తో రుద్ది మిగిలిన మందం కొలిచి రాసుకోండి.

దగ్గర్లో జూనియర్ కాలేజీ ఉంటే కెమిస్ట్రీ ల్యాబులో ఫినాఫ్తలీన్ దొరుకుతుంది. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద చల్లితే క్షారం మిగిలిన భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు మారని మందం సలాకల దాకా వచ్చిందంటే ఇనుముకు రక్షణ పోయినట్టు. లెక్చరర్‌ను వెంట తీసుకెళ్లి చేయించండి.

నల్లగొండలో ఇంకో మాట వింటాం: ఫ్లోరైడ్ నీళ్లతో కట్టారు కాబట్టే సలాకలు తిన్నాయని. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన నష్టం అందరికీ తెలిసిందే. సలాకల విషయంలో మాత్రం చూడాల్సింది క్లోరైడ్లను. ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దు. ఇప్పుడు రిపేరుకు వాడబోయే బోరు నీళ్లను ముందే పరీక్ష చేయించడం ఈ జిల్లాలో తప్పనిసరి అని నేనంటాను.

బండల కప్పు అయితే గడ్డర్ గోడలోకి దూరే చోట తుప్పు, దూలం గోడలోకి దూరే చోట చెదలు చూడాలి. స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయే దూలం బయటికి ఎంత నున్నగా ఉన్నా పనికిరాదు.

పగుళ్లు

పగులు ఉందని కాదు, ఏ ఆకారంలో ఉంది, ఇంకా కదులుతుందా అన్నదే ముఖ్యం. స్లాబుకు, గోడకు మధ్య అడ్డంగా పోయిన సన్న పగులు ఎండలకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది. 45 డిగ్రీల ఎండ చూసే నల్లగొండలో అది లేని బిల్డింగ్ అరుదు. ప్రమాదం తక్కువ, నీళ్లు దిగకుండా చూస్తే చాలు. పాత గదికి కొత్త గది అతికించిన చోట నిలువు పగులు వస్తే, రెండూ వేర్వేరుగా కుంగుతున్నాయని అర్థం. సిమెంటు కూరితే మళ్లీ విడుతుంది. అక్కడ సాగే పదార్థంతో జాయింట్ పెట్టాలి.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయేది వేరే కథ. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని పునాదిని ఆడిస్తుంది. పగులు పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉంటే ఆ చివరి మూల కుంగుతుందని అనుమానించండి. గోడ పక్కనే పెద్ద చెట్టు, కారే నల్లా, మోరీ, సెప్టిక్ ట్యాంకు ఉందేమో చూడండి. చాలాసార్లు ఆ నీళ్లు పక్కకు మళ్లించి, గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలు ఉన్న గచ్చు వేస్తే కదలిక నెమ్మదిస్తుంది. పునాది తవ్వి పని చేయడానికి ముందు చేయాల్సింది ఇదే.

వెడల్పు కొలవడానికి ఏటీఎం కార్డు పనికొస్తుంది. దాని మందం ముప్పావు మిల్లీమీటరు. కార్డు దూరని పగులును రాసి పెట్టుకుంటే సరిపోతుంది. 5 మిల్లీమీటర్లు దాటితే ఇంజినీరు చూడాల్సిందే. కదలిక తెలియాలంటే పూత గీకి, పగులుకు అడ్డంగా పల్చటి గాజు ముక్కను రెండు చివర్లా అతికించి తేదీ రాయండి. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు. నల్లరేగడి మీదైతే ఎండాకాలంలో తెరుచుకుని వానాకాలంలో మూసుకునే పగుళ్లుంటాయి, కాబట్టి నెల రోజులు చూసి ఆగిపోయిందనుకోవద్దు. ఏడాది చూడాలి.

గోడ అడుగున చెమ్మ

నేల నుంచి మూడడుగుల దాకా రంగు పొంగి, తెల్లటి ఉప్పు పేరుకుంటే, చవుడు పట్టిందంటారు. కింది నీళ్లు గోడలోంచి పైకెక్కి, తడి ఆరినప్పుడు ఉప్పు మిగిలిపోతుంది. ముందు బయట చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసి, ఆవరణలో మట్టి మీద మట్టి పోసి, బయటి నేల గది నేలకంటే ఎత్తయిపోయిందా? అయితే తీయాల్సింది ఆ మట్టిని.

పాత సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టర్, పైన ఆయిల్ పెయింట్ వేయడం మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు. లోపలి తడికి బయటికి దారి లేక ఇంకా పైకెక్కుతుంది. అలాంటి గోడకు సున్నపు పూతే వేయాలని రాయించండి. చేసే మేస్త్రీలు తగ్గారు కానీ, పాత గుళ్ల పనులు చేసేవాళ్లు ఉన్నారు.

మిగతావి

కరెంటు: వైరింగ్ ఎప్పటిది, ఎర్త్ ఉందా, లీకేజీకి తెగిపడే ఆర్‌సీసీబీ ఉందా. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ పరీక్ష (వైర్ల తొడుగు గట్టిగా ఉందా అన్నది చూసేది) చేయించండి. తలుపులు, కిటికీలు, టాయిలెట్లు, నల్లాలు లెక్కపెట్టి రాస్తే చాలు. ర్యాంపు ఉంటే వాలు కొలవండి: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. రెండడుగుల ఎత్తుకు ఆరడుగుల్లో కట్టినదాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టడం, కోయడం చేయొద్దు.

పై అంతస్తు ఉంటే గది దేనికి వాడుతున్నారో తప్పకుండా రాయండి. తరగతి గదికి చదరపు మీటరుకు 300 కిలోల బరువు లెక్క, పుస్తకాల బీరువాలు పేర్చే గదికి 600. క్లాసు రూమును రికార్డు రూముగానో లైబ్రరీగానో మారిస్తే స్లాబుకు తెలియకుండా ఉండదు.

2016లో జిల్లాలు విడిపోయాక కొత్త కలెక్టరేట్లకు ఆఫీసులు మారి, ఖాళీ అయిన పాత బిల్డింగులూ ఉన్నాయి. మనుషులు లేని చోట తూము తీసేవాళ్లుండరు, కాబట్టి వాటిని ఏడాదికోసారి కాదు, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి.

ఏ పరీక్షలు అడగాలి

కాంక్రీటు మీద స్ప్రింగు సుత్తెతో కొట్టి చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష ఒక్కటే చేసి రిపోర్టు ఇస్తే సరిపెట్టుకోకండి. అది పైపొర గట్టిదనమే చెబుతుంది, పాతబడిన కాంక్రీటు పైన గట్టిపడి అంకె ఎక్కువ చూపిస్తుంది. దానితోపాటు కాంక్రీటులోంచి ధ్వని తరంగం ఎంత వేగంగా పోతుందో చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి: ఆ వేగం సెకనుకు 3.5 కిలోమీటర్ల కంటే తక్కువ వస్తే కాంక్రీటు అనుమానమే. అనుమానం ఉన్న చోట కోర్, అంటే డ్రిల్లుతో గుండ్రటి కాంక్రీటు ముక్క, తీసి పరీక్షించాలి. ఇంజినీరు అవసరమన్న గదులకే అడగండి, అన్నిటికీ వద్దు. వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట సివిల్ విభాగాలు ఈ పరీక్షలు చేసిపెడతాయి.

లిస్టు ఎలా రాయాలి

మూడు కాగితాలు. మొదటిదాంట్లో ప్రాణానికి ముప్పున్నవి. రెండోదాంట్లో ఈ వానాకాలం లోపు ఆపకపోతే పెరిగేవి: కప్పు, తూములు, మోరీ, చెమ్మ, తుప్పు. మూడోదాంట్లో ఆగినా నష్టం లేనివి: గచ్చు, రంగు, గేటు. నిధులు తక్కువైతే మూడో కాగితంలోంచే కోత పడాలి. మన దగ్గర తరచూ తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే రంగు ఫొటోలో కనిపిస్తుంది, తూము కనిపించదు. 2022లో మొదలైన 'మన ఊరు మన బడి'లో రంగులు ఒక అంశం, పెద్ద, చిన్న రిపేర్లు ఇంకో అంశంగా విడివిడిగా పెట్టారు. ఏ పథకం వచ్చినా మీ కాగితాలు ఇలా విడదీసి ఉంటే సరైన పద్దులో అడగొచ్చు.

డబ్బు అంకెలు మీరు వేయొద్దు. చదరపు అడుగులు, మీటర్లు, సంఖ్య మాత్రమే రాయండి. రేట్లు ఎస్ఎస్ఆర్ (సర్కారు పనుల రేట్ల పట్టిక) ప్రకారం ఇంజినీరు వేస్తారు. తుప్పు పట్టిన స్లాబుకు ఏం చేయాలో మాటల్లో రాయించండి: డొల్ల కాంక్రీటు చెక్కి, సలాక చుట్టూ తుప్పు తీసి, సన్నబడ్డ చోట కొత్త సలాక కలిపి, అతుకు పూత వేసి, పాలిమర్ మోర్టార్ లేదా మైక్రో కాంక్రీటు. "ప్యాచ్ వర్క్" అని ఒక్క మాట రాస్తే తుప్పు మీదే సిమెంటు పూసి వెళతారు. మే నెల ఎండలో చేసిన సిమెంటు పనికి తడి గోనెసంచులతో కనీసం 10 రోజులు క్యూరింగ్ అని కూడా రాయించండి.

కూల్చాలన్న మాట వస్తే తొందరపడొద్దు. పాత రాతి గోడ సున్నపు బిల్డింగులు చాలాచోట్ల తర్వాత వచ్చిన స్లాబు గదులకంటే గట్టిగా ఉన్నాయి, కప్పు మార్చితే సరిపోయేవాటిని కూడా కూల్చేశారు. చరిత్ర ఉన్న కచేరీ, బడి అయితే 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కిందికి వస్తుందేమో హెరిటేజ్ శాఖను అడగండి. నిజంగానే కూల్చాల్సి వస్తే ఇంజినీరు ధ్రువీకరణ, తీర్మానం, వేలం, ఈ వరసలో జరగాలి. వేలానికి ముందు టేకు దర్వాజలు, షాబాదు బండలు, గడ్డర్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఫొటోలు తీసి రిజిస్టరులో ఎక్కించండి. ఇవే మొదట మాయమయ్యేవి.

ఇంజినీరు వచ్చే రోజు నిచ్చెన, సుత్తె, గదుల తాళాలు, ఆ అటెండరు అక్కడ ఉండాలి. సుద్ద గీతలు చెరపకండి. మూడు కాగితాలు రెండేసి కాపీలు తీసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఈ ఏడాది నిధులు రాకపోతే వచ్చే ఎండాకాలంలో అవే పగుళ్లను, అవే డొల్ల చోట్లను మళ్లీ కొలిచి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసి, అదే నంబరు ఉటంకిస్తూ మళ్లీ ఇవ్వండి.